తాళం తప్పకుండా తప్పెటగుళ్ళు తీయడం ఎలా

తక్కువ డబ్బుతో డాన్స్ ఫిల్మ్ తీసేవాళ్ళు ఉన్నదంతా కెమెరా అద్దెకే పోసేస్తారు. తీరా ఎడిటింగ్‌కి కూర్చున్నాక గొడవంతా శబ్దంతోనే. ఉత్తరాంధ్ర జానపద నృత్యం తప్పెటగుళ్ళలో ఆడేవాడే వాయిస్తాడు, తోలు మూసిన రేకు తప్పెట రొమ్ము మీదే ఉంటుంది. చేతికీ దెబ్బకీ రెండు మూడు ఫ్రేముల తేడా వచ్చినా దొరికిపోతాం.

పైగా ఊపొచ్చేకొద్దీ వేగం పెరుగుతుంది. ఒక టేకులో చరణం ఇంకో టేకు చరణానికి అతకదు. అందుకని ముందు పాటంతా ఆపకుండా ఒకసారి దూరం నుంచి తీయండి. సినిమా మొత్తానికి ఆ శబ్దమే ఆధారం. క్లోజప్‌లప్పుడు అదే ట్రాక్ బృంద నాయకుడి చెవిలో వైరు ఇయర్‌ఫోన్‌తో వినిపిస్తే మిగతావాళ్ళు అతన్ని చూసి అందుకుంటారు. బ్లూటూత్ వద్దు, శబ్దం ఆలస్యంగా చేరుతుంది. తర్వాత బొమ్మనీ శబ్దాన్నీ కలపడానికి ప్రతి టేకు మొదట్లో కెమెరాకి కనబడేలా ఒక చప్పట కొట్టించండి.

ఫోన్‌తో తీస్తుంటే మామూలు కెమెరా యాప్ ఫ్రేమ్ రేటు నిలకడగా ఉంచదు. ఐదు నిమిషాల పాట చివరికొచ్చేసరికి శబ్దం జారిపోతుంది. సెకనుకు 25 ఫ్రేములకు లాక్ చేసే యాప్ వాడండి. షట్టర్ వేగం 1/100 సెకను పెడితే అడుగులు స్పష్టంగా పడతాయి, రాత్రి ట్యూబ్‌లైట్ల కింద చారలూ రావు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/60 జోలికి పోవద్దు.

రికార్డర్‌లో ఆటో లెవెల్, అంటే శబ్దాన్ని తనంతట తానే పెంచి తగ్గించే సెట్టింగు, తీసేయండి. అదుంటే తప్పెట దెబ్బ పడ్డప్పుడల్లా పాట గొంతు మునిగిపోతుంది. అందరూ జోరుగా వాయిస్తుండగా మీటర్‌లో పీక్ (అన్నిటికన్నా పెద్ద శబ్దం) మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకుని, మైకు పదడుగుల దూరంలో తలెత్తున పెట్టండి. తెల్లవారుజామున మంచుకి తోలు సాగి తప్పెట బొంగురుపోతుంది, ఎండెక్కాక బిగుస్తుంది. ఆధార ట్రాక్ తీసేది ఎండెక్కాకే.

చోటంటారా, నూర్పిళ్ళు అయిపోయిన గట్టి కళ్ళాన్ని మించింది లేదు. దుమ్ము లేవకుండా ముందురోజు సాయంత్రం పల్చగా నీళ్ళు చల్లితే చాలు. కళింగపట్నం తీరం ఫ్రేములో బాగుంటుంది గానీ ఇసుకలో గెంతు లేవదు, గాలి హోరు మైకుని మింగేస్తుంది. శాలిహుండం బౌద్ధ శిథిలాల దగ్గర తీయాలంటే కేంద్ర పురావస్తు శాఖ అనుమతి ముందే తెచ్చుకోవాలి. ఆడేవాళ్ళ వలయం మొత్తం కనబడాలంటే డాబా ఎక్కాల్సిందే, నేల మీంచి తీస్తే ముందువాళ్ళు వెనకవాళ్ళని కప్పేస్తారు. ఒంటరి గెంతుకి మాత్రం కెమెరా మోకాలెత్తున ఉండాలి, పాదం ఎప్పుడూ ఫ్రేము దాటకూడదు.

బృందానికి పాట లెక్కన కాకుండా రోజు లెక్కన మాట్లాడుకోండి. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా తర్వాత మంగళవారం, బృందాలకి అక్కడ పని ఉంటుంది కాబట్టి ఆ వారం తేదీలు అడక్కండి. ప్యాకప్‌కి ముందు ఒకర్ని సిమెంటు నేల మీద రెండు నిమిషాలు తప్పెట లేకుండా అడుగులు వేయించి గజ్జెల మోత విడిగా రికార్డ్ చేసుకోండి. వైడ్ షాట్‌లో వినబడని పాదాలు మిక్సింగ్‌లో దాంతోనే పలుకుతాయి.