మినుము మొలకల్లో పడిపోయిన ఏటీపీయేజ్ మళ్లీ పనిచేసిందిలా (నా అనుభవం)

మా శ్రీకాకుళం వైపు వరి కోతల తర్వాత పొలాల్లో వేసే మినుములే మా ప్రాజెక్టుకీ సరుకు. చీకట్లో మొలకెత్తించి, కాండాల నుంచి కణత్వచం ముక్కలు వేరుచేసి, వాటిలోని ప్రోటాన్ పంపు, అంటే ఏటీపీని (కణానికి శక్తినిచ్చే అణువుని) విడగొట్టి ఆ శక్తితో ప్రోటాన్లని బయటికి తోసే హెచ్ ప్లస్ ఏటీపీయేజ్ అనే ఎంజైమ్, ఎంత చురుగ్గా ఉందో అప్పుడు విడుదలైన ఫాస్ఫేట్‌ని బట్టి కొలుస్తున్నాం. ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్‌తో ప్రోటీన్‌ని పొర నుంచి బయటికి తీయగానే పని బాగా పడిపోయేది. పీహెచ్ 6.5, మెగ్నీషియం, ఏటీపీ అన్నీ సరిగానే ఉన్నాయి, ప్రోటీన్ కూడా ఉంది, మరి ఏమైందని ఒకటే టెన్షన్.

విషయం లిపిడ్లలో, అంటే పొరలోని కొవ్వు పదార్థాల్లో ఉంది. ఈ ఎంజైమ్ పొరలో ఇమిడి ఉండే ప్రోటీన్, ప్రోటాన్‌ని బయటికి తోసే ప్రతిసారీ దాని ఆకారం మారాలి, చుట్టూ ఉన్న ఫాస్ఫోలిపిడ్లని డిటర్జెంట్ లాగేస్తే ఆ కదలిక సరిగా కుదరదు. సోయా లెసిథిన్‌ని (సోయాలోని ఫాస్ఫోలిపిడ్ల మిశ్రమాన్ని) బఫర్‌లో, అంటే పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణంలో, సోనికేట్ చేసి (ధ్వని తరంగాలతో చెదరగొట్టి) కలిపాం. ఎంజైమ్ పని చాలావరకు తిరిగి వచ్చింది! ఈ పంపుని అడ్డుకునే వెనాడేట్ వేస్తే మళ్లీ తగ్గింది, కాబట్టి ఆ పని పంపుదే అని నమ్మకం కుదిరింది.

లిపిడ్లని పాడుచేసే ఇంకో దొంగ ఫాస్ఫోలైపేజ్ డి అనే ఎంజైమ్. మొక్కని నూరగానే అది ఫాస్ఫాటిడైల్ కోలిన్ అనే ఫాస్ఫోలిపిడ్‌ని ఫాస్ఫాటిడిక్ ఆమ్లంగా మార్చేస్తుంది, మామూలుగా దానికి కాల్షియం కావాలి. అందుకే నూరే బఫర్‌లో కాల్షియాన్ని పట్టేసే ఈడీటీఏ వేసి, అంతా ఐసు మీదే చేశాం. ఈడీటీఏ మెగ్నీషియాన్ని కూడా పట్టేస్తుంది, కొలిచేటప్పుడు అది చాలినంత ఉండేలా చూసుకోండి. లెసిథిన్ మసక వల్ల రీడింగ్ పెరుగుతుంది, ఎంజైమ్ లేని బ్లాంక్ తప్పకుండా పెట్టండి.