మ్యాచ్ చూసిన రాత్రే ఊరికి బయల్దేరకండి

సెలవులు దగ్గరపడ్డాయి. అనంతపురం, ధర్మవరం, హిందూపురం నుంచి బెంగళూరులో ఉన్న మాకు ఫోన్లు మొదలయ్యాయి. కంఠీరవ స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ ఎప్పుడుంది, టికెట్లు దొరుకుతాయా, పిల్లల్ని తీసుకొస్తే ఇబ్బందేమీ ఉండదు కదా అని. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) అనే స్వచ్ఛంద సంస్థ మైదానాల పుణ్యమా అని అనంతపురం పిల్లలకు ఫుట్‌బాల్ బాగానే పట్టుబడింది. వెనక ఫుట్‌బాల్ ఆటగాడు సునీల్ ఛెత్రి పేరు రాసిన నీలం జెర్సీ ఉతకడానికి కూడా ఇవ్వని పిల్లాడు మా బంధువుల్లోనే ఉన్నాడు. వాళ్లను ఒక్కసారైనా బెంగళూరు ఎఫ్‌సీ మ్యాచ్‌కు తీసుకురావాల్సిందే. రండి. కానీ కారు తీసే ముందు ఇది చదవండి.

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఏం జరిగిందో అందరికీ తెలుసు. అంతకుముందే ప్రమాదంలో పడిపోయిన ఒక మోటార్‌సైకిల్ రోడ్డు మధ్యలో ఉండిపోయింది. బెంగళూరుకు వస్తున్న బస్సు దాన్ని ఈడ్చుకుపోయింది, మంటలు అంటుకున్నాయి, 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. దానికి రెండేళ్ల ముందు, 2023 అక్టోబర్ 26న, దసరా పండగ చూసుకుని బెంగళూరుకు తిరిగొస్తున్న మన సీమవాళ్ల సుమో చిక్కబళ్లాపురం దగ్గర ఆగి ఉన్న ట్యాంకర్‌ను వెనకనుంచి గుద్దింది. పొద్దుటి పూట, దట్టమైన మంచు. 13 మంది పోయారు. రెండూ 44వ నంబర్ జాతీయ రహదారి మీదే జరిగాయి. మీరు మ్యాచ్‌కు వచ్చేదీ, తిరిగి పోయేదీ ఆ రోడ్డు మీదే.

టైర్లలో గాలి, బ్రేకులు, ఫాస్టాగ్‌లో డబ్బులు, బండి కాగితాలు మీరు చూసుకుంటారు, వాటి గురించి నేను చెప్పక్కర్లేదు. కుటుంబాలను ముంచుతున్న తప్పు వేరే ఉంది.

ఆ ఒక్క తప్పు

మ్యాచ్ అయిపోయిన రాత్రే ఊరికి బయల్దేరడం.

లెక్క వేసి చూడండి. సాయంత్రం మ్యాచ్‌లు ఎక్కువగా 7:30కి మొదలవుతాయి. రెండు సగాలు, మధ్యలో పావుగంట విరామం, చివర్లో రిఫరీ కలిపే నిమిషాలు అన్నీ కలిపి అయ్యేసరికి 9:30 దగ్గరికి వస్తుంది. గేటు దాటి, పార్కింగ్‌లోంచి కారు బయటికి తీసేసరికి 10 దాటుతుంది. ఎక్కడో ఒకచోట పిల్లలకు నాలుగు ఇడ్లీలు పెట్టించి హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కేసరికి 11. అక్కడినుంచి దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి, కొడికొండ చెక్‌పోస్టు, పెనుకొండ. అనంతపురం చేరేది తెల్లవారుజామున రెండు, రెండున్నరకు. మనిషి ఒళ్లు నిద్ర కోసం గట్టిగా పట్టుబట్టే వేళ సరిగ్గా అప్పుడే మొదలవుతుంది.

ఇక స్టీరింగ్ పట్టుకున్న మనిషి సంగతి చూడండి. పొద్దున ఆరింటికి లేచాడు. మధ్యాహ్నం దాకా షాపులోనో ఆఫీసులోనో పని చేశాడు. నాలుగు గంటలు కారు నడిపాడు. రెండు గంటలు అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. రాత్రి 11 అయ్యేసరికి అతను నిద్ర లేచి 17 గంటలు. 17 గంటలు మెలకువగా ఉన్నవాడి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి చురుకుదనం స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో ఎప్పుడో తేలింది. మన చట్టంలో డ్రైవర్‌కు హద్దు 0.03 శాతం. అంటే చుక్క ముట్టని మనిషి కూడా తాగి నడుపుతున్నట్టే, అదీ రాత్రి పూట, వెనక సీట్లో పిల్లలతో.

కునుకు అంటే తల వాలిపోవడం ఒక్కటే కాదు. కళ్లు తెరిచే ఉంటాయి, మెదడు మూడు నాలుగు సెకన్లు ఆగిపోతుంది. 100 కిలోమీటర్ల వేగంలో కారు నాలుగు సెకన్లలో 110 మీటర్ల పైనే పోతుంది. మీరు అప్పుడే చూసి వచ్చిన మైదానం పొడవు 105 మీటర్లు. ఈ గోల్‌పోస్టు నుంచి ఆ గోల్‌పోస్టు దాకా ఎవరూ నడపకుండానే కారు పోయిందన్నమాట.

మా పక్క వీధిలో ఉండే ఒకాయన తమ్ముడి కుటుంబం ధర్మవరం నుంచి ఇలాగే వచ్చింది. "ఎంతసేపు వదినా, రోడ్డు ఖాళీగా ఉంటుంది, మూడున్నర గంటల్లో ఇంట్లో ఉంటాం" అని వదినగారు పరిచిన పరుపు వద్దని బయల్దేరారు. పెనుకొండ దాటాక ఎడమ వైపు ఆగి ఉన్న లారీని గుద్దారు. ఆయనకు పెద్దగా ఏమీ కాలేదు. ఎడమ సీట్లో కూర్చున్న భార్యకు భుజం నుంచి మోచేతి దాకా ఎముక ముక్కలైంది. రెండు ఆపరేషన్లయినా ఆ చేయి తల దాకా లేవదు, జడ కూతురే వేస్తుంది. ఆయన ఇప్పటికీ ఒక్కటే అంటాడు, నేను నిద్రపోలేదు, కళ్లు తెరిచే ఉన్నాను అని. రోడ్డు మీద బ్రేకు వేసిన గీత మాత్రం లేదు. నిద్రపోయినవాడు బ్రేకు వేయడు, అందుకే ఈ ప్రమాదాలు ఇంత ఘోరంగా ఉంటాయి.

కాబట్టి మళ్లీ చెబుతున్నాను. మ్యాచ్ రాత్రి ఊరికి బయల్దేరకండి. టికెట్ కొనేటప్పుడే రాత్రి పడుకునే చోటు ఖాయం చేసుకోండి. చుట్టాలిల్లు ఉంటే మొహమాటపడకండి, హాల్లో చాప వేసినా చాలు. లేదంటే యలహంక, హెబ్బాళ వైపు లాడ్జి తీసుకోండి, పొద్దున ఊరు దాటడం సులువు. గది అద్దె దండగ అనుకునేవాళ్లు ఆ డబ్బును టికెట్ ఖర్చులోనే కలిపి లెక్కేసుకోండి. అంత పెట్టుకోలేకపోతే ఈసారి మ్యాచ్ టీవీలో చూడండి.

స్టేడియం దగ్గర

కారును రాత్రి మీరు పడుకునే చోటే వదిలేయండి. మెట్రోలో కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగితే స్టేడియానికి నడిచి పోవచ్చు, పార్కింగ్ గొడవ తప్పుతుంది. చివరి రైలు ఎన్నింటికో లోపలికి వెళ్లే ముందే కనుక్కోండి.

వెస్ట్ బ్లాక్‌లో అభిమానులు మ్యాచ్ మొత్తం నిలబడి, డప్పులు కొడుతూ చూస్తారు. కుర్రాళ్లకు పండగే, చంటిపిల్లలకు, పెద్దవాళ్లకు మాత్రం అది చోటు కాదు. వేరే స్టాండ్ తీసుకోండి.

2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. అదీ ఈ కబ్బన్ పార్కు పక్కనే. గేటు తెరవకముందు గుంపులో దూరకండి. గంట ముందే చేరి, పిల్లల చేతి మీద మీ ఫోన్ నంబర్ పెన్నుతో రాసి, తప్పిపోతే ఎక్కడ కలవాలో చూపించి లోపలికి వెళ్లండి. ఆఖరి విజిల్ వేయగానే లేవకండి. పావుగంట కూర్చుంటే మెట్లు ఖాళీ అవుతాయి. ఆ పావుగంట వదులుకోలేక తోసుకునేవాళ్లంతా ఎవరో కాదు, ఆ రాత్రే ఊరికి పోవాలనుకునేవాళ్లే.

రోడ్డు మీద

ఆగిపోయిన లారీ వెనక మనవాళ్లు రాళ్లు, చెట్టు కొమ్మలు పెడతారు. రోడ్డు మీద పచ్చి కొమ్మ కనిపించిందంటే ముందు లారీ ఉన్నట్టే, వేగం తగ్గించండి. కొందరు అదీ పెట్టరు, వెనక ఎర్ర దీపం కూడా వెలగదు.

వెనక సీట్లో ఉన్నవాళ్లూ బెల్టు పెట్టుకోవాలి, అది చట్టం కూడా. ముందు సీట్లో ఒళ్లో పిల్లల్ని కూర్చోబెట్టుకోవద్దు, గుద్దినప్పుడు పెద్దవాళ్ల బరువంతా బిడ్డ మీదే పడుతుంది.

కాఫీ తాగితే నిద్ర పోతుందనుకోకండి. అది పనిచేయడానికే అరగంట పడుతుంది, పనిచేసినా నిద్రకు బదులు కాదు. అద్దాలు దించడం, పాటల సౌండ్ పెంచడం, తల మీద నీళ్లు చల్లుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. బాగేపల్లి టోల్ దాటాక కారు పక్కకు తీసి భర్త ముఖాన సీసాతో నీళ్లు కొడుతున్న ఆడవాళ్లను చూశాను. అమ్మా, నీళ్లు కాదు, తాళం తీసుకోండి.

దాటిన ఊరు గుర్తులేదంటే మీరు కునుకు తీసినట్టే. వెంటనే పెట్రోల్ బంకులోకి తిప్పండి.

హైవే అంచున ఆపి పడుకోవద్దు. పాలు పట్టడానికీ ఆపవద్దు.

బండి ఆగిపోతే అందరూ దిగి రెయిలింగ్ అవతలికి వెళ్లండి. కార్లో కూర్చోవద్దు. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి.

డ్రైవర్‌ను పెట్టుకున్నా ఇదే మాట. అతనూ పొద్దుటినుంచి మెలకువగా ఉన్నవాడే. అతనికీ మంచం చూపించండి.

గెలిచిన రాత్రి బీరు వద్దు, ఓడిన రాత్రీ వద్దు.

నాకౌట్ (ఓడితే ఇంటికే) మ్యాచ్ సమమైతే అదనంగా 30 నిమిషాలు, ఆపైన పెనాల్టీలు ఉండొచ్చు. ఆ రోజు బయల్దేరే ఆలోచనే పెట్టుకోవద్దు.

పొద్దున ఆఫీసుందని బయల్దేరవద్దు. సెలవు పెట్టండి.

పిల్లల స్కూలుందని బయల్దేరవద్దు. ఒక రోజు మానితే ఏమీ కాదు.

"నాకు అలవాటే" అనేవాడి మాట అస్సలు వినవద్దు.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి పోదామనీ అనుకోవద్దు, అదీ నిద్ర వేళే. టిఫిన్ చేసి బయల్దేరండి. చలికాలమైతే చిక్కబళ్లాపురం చుట్టుపక్కల ఎండ వచ్చినా మంచు వదలదు, ఎనిమిది దాటాకే కదలండి.

మ్యాచ్ నుంచి రాగానే కారు తాళం ఇంట్లో పెద్దావిడ చేతికి ఇవ్వండి. పొద్దున టిఫిన్ అయ్యేదాకా ఎవరు అడిగినా ఇవ్వొద్దని ఆమెకు చెప్పండి.