కొండల ప్రోగ్రాంతో కోనసీమ గీయడం ఎలా?

ఇంట్లో కంప్యూటర్ మీద కొండలు, లోయలు గీసే ఫ్రాక్టల్ ప్రోగ్రాంలు (ఒకే ఆకారాన్ని చిన్నచిన్న కొలతల్లో మళ్లీమళ్లీ కలుపుతూ గీసేవి) షేర్‌వేర్ రోజుల నుంచీ, అంటే ప్రోగ్రాంలు చేతులు మారుతూ పంచుకునే రోజుల నుంచీ ఉన్నాయి. ఒక మీట నొక్కితే శిఖరం, దాని మీద మంచు, కింద నీలం సరస్సు వచ్చేస్తాయి. అదే ప్రోగ్రాంని గోదావరి డెల్టా గీయమంటే చేతులెత్తేస్తుంది. నేల మెట్లు మెట్లుగా అయినా వస్తుంది, గచ్చు చేసినట్టు చదునుగా అయినా వస్తుంది. ఏరు మాత్రం ఎక్కడా కనిపించదు.

నేను సీ భాషలో రాసుకుని, ఒకప్పుడు ఫ్లాపీల మీద స్నేహితులకు పంచిన ప్రోగ్రాం ఒకటుంది. దాన్ని మా అమలాపురం చుట్టుపక్కల నేల గీసేలా మార్చడానికి ఏమేం చేయాల్సి వచ్చిందో ఇక్కడ వరసగా చెబుతున్నాను. కొండ గీయడం తేలిక. కాస్త తప్పు గీసినా అది కొండలాగే ఉంటుంది. పల్లపు నేల దగ్గర మాత్రం ఏ తప్పూ దాగదు. అందుకే మీ ప్రోగ్రాం ఏదైనా సరే, దాన్ని బాగుచేయాలంటే ముందు డెల్టా గీయించి చూడమంటాను.

ముట్టుకునే ముందు

షేర్‌వేర్ అంటే నలుగురికీ పంచమని అర్థం, ఇష్టమొచ్చినట్టు మార్చుకోమని కాదు. 1982లో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్, జిమ్ నాఫ్ ఎవరికి వారు ఈ పద్ధతి మొదలుపెట్టారు: ముందు వాడి చూడండి, నచ్చితే డబ్బు పంపండి. సోర్సు మీద హక్కు రాసినవారిదే. కాబట్టి మీరు రాసినదైనా, అనుమతి తీసుకున్నదైనా, ఓపెన్ సోర్స్ లైసెన్సు ఉన్నదైనా అయితేనే చేయి పెట్టండి.

తర్వాత సీడ్ సంగతి. సీడ్ అంటే యాదృచ్ఛిక సంఖ్యల వరసను మొదలుపెట్టే అంకె. అవి ఏ సీడ్‌తో మొదలయ్యాయో ప్రోగ్రాం బొమ్మతో పాటు దాచుకోవాలి. సీడ్ ఒకటే అయితే నేల కూడా ప్రతిసారీ ఒకటే వస్తుంది. అప్పుడే మీరు చేసిన మార్పు వల్ల ఏం మారిందో పోల్చి చూడగలరు. ఇది లేకుండా మిగతా పనులకు దిగకండి.

ఎత్తును ఎక్కడ దాస్తున్నారు?

పాత ప్రోగ్రాంలలో చాలావాటిది ఒకటే జబ్బు: ఒక్కో చుక్క ఎత్తును ఒకే బైటులో దాస్తాయి. బైటులో 256 మెట్లే ఉంటాయి. వెయ్యి మీటర్ల కొండను అందులో ఇమిడిస్తే ఒక్కో మెట్టు దాదాపు 4 మీటర్లు. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో నేల దిగేది పది పదిహేను మీటర్లే. అంటే మన డెల్టా మొత్తం మూడు నాలుగు మెట్లలో అయిపోతుంది. తెర మీద కనిపించే ఆ మెట్లు ఇవే.

అప్పట్లో దీనికి కారణం ఉంది. అప్పటి ఆపరేటింగ్ సిస్టం డాస్‌లో మెమరీ ముక్క 65,536 బైట్లు. ఫ్రాక్టల్ పద్ధతికి 257 వరసలు, 257 నిలువులు కావాలి. చుక్కకు ఒక్క బైటు చొప్పున వేసినా 66,049 బైట్లు, అంటే 513 బైట్లు ఎక్కువ. ఇప్పుడా ఇబ్బంది లేదు. ఎత్తుల్ని 4 బైట్ల ఫ్లోట్‌లోకి, అంటే దశాంశాలు కూడా పట్టే సంఖ్యల్లోకి, మార్చండి. 1025 వరసలకు, 1025 నిలువులకు కూడా నాలుగు మెగాబైట్ల పైన కొంచెమే పడుతుంది.

గరుకుదనం అంతటా ఒకేలా ఉండకూడదు

ఫ్రాక్టల్ అన్న మాటను 1975లో బెన్వా మాండెల్‌బ్రాట్ పెట్టారు. దాంతో కొండలు గీయవచ్చని 1980లో సిగ్‌గ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సభలో లోరెన్ కార్పెంటర్ చిన్న సినిమాతో చూపించారు. ఇళ్లలోని ప్రోగ్రాంలు చాలావరకు వాడేది ఆ దారే. నాలుగు మూలల ఎత్తుల సగటు తీసి మధ్యలో పెట్టాలి, దానికి కాస్త హెచ్చో తగ్గో కలపాలి. ఆ గడిని నాలుగు గడులు చేసి, కలిపేదాన్ని తగ్గిస్తూ మళ్లీ అదే పని చేయాలి. చదువుకోవడానికి చక్కటి పద్ధతి. కానీ బొమ్మలో అడ్డంగా, నిలువుగా, మూలకు మూలగా మడతలు పడతాయి. కొండ మీద అవి చీలికల్లో కలిసిపోతాయి, వరి చేలో పడితే గీత గీసినట్టు తెలుస్తాయి.

దీని బదులు 1985లో కెన్ పెర్లిన్ ప్రచురించిన నాయిస్ పద్ధతికి, అంటే నున్నటి యాదృచ్ఛిక అలలతో నేల చేసే పద్ధతికి, మారండి. పెద్ద అల మీద సగం పొడవు, సగం ఎత్తు ఉన్న అల, దాని మీద ఇంకో సగం అల. 60 కిలోమీటర్ల నేలను 1025 చుక్కల్లో గీస్తే చుక్కకూ చుక్కకూ మధ్య దాదాపు 59 మీటర్లు. కాబట్టి 16 కిలోమీటర్ల అల నుంచి 125 మీటర్ల అల దాకా ఎనిమిది పొరలు చాలు. అంతకంటే చిన్నవి కలిపితే చుక్కల గోల తప్ప వివరం పెరగదు.

అసలు మార్పు దీని తర్వాత వస్తుంది. మాండెల్‌బ్రాట్ దగ్గర యేల్‌లో పరిశోధన చేసిన కెన్ మస్‌గ్రేవ్ గమనించింది ఏమిటంటే, నేల మెరక మీద గరుకుగా, పల్లంలో నున్నగా ఉంటుంది. కాబట్టి ప్రతి కొత్త అలను కలిపే ముందు, అప్పటిదాకా కూడిన ఎత్తును 0, 1 మధ్యకు తెచ్చి దాంతో గుణించండి. పల్లంలో ఆ గుణకం సున్నాకు దగ్గర, అందుకని చిన్న అలలు అణిగిపోతాయి. ఒక్క గుణకారంతో పాపికొండలు గరుకుగా, కోనసీమ నున్నగా ఒకే బొమ్మలో వస్తాయి. మొదటిసారి అది చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ముందు ఏరు, తర్వాత నేల

అన్నిటికంటే ఎక్కువ రోజులు నాకు ఇక్కడే పట్టాయి. ప్రోగ్రాంలు సాధారణంగా నేల చేసి, దాని మీద నీళ్లు వదులుతాయి. ప్రతి చుక్క నుంచీ పక్కనున్న అన్నిటికంటే పల్లపు చుక్కకు నీరు పోతుంది. ఆ లెక్కలో ఏరులు కలుస్తాయే గాని, ఒక ఏరు రెండుగా ఎన్నడూ చీలదు. గోదావరేమో ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. పైగా డెల్టాలో నేలను చేసింది ఏరే. కాబట్టి ప్రోగ్రాంలో కూడా ఏరే ముందు రావాలి.

ధవళేశ్వరం నుంచి యానాం వైపు ఒక తిన్నని గీత గీయండి. దాని నడిమి చుక్కను పక్కకు, గీత పొడవులో పదిహేను శాతం మించకుండా, జరపండి. వచ్చిన రెండు గీతలకూ అదే పని. ఏడుసార్లు చేస్తే 128 ముక్కలతో వంకరల గౌతమి తయారవుతుంది. వశిష్ఠను అంతర్వేదికి, వైనతేయను ఓడలరేవుకు ఇలాగే తీసుకెళ్లండి. పాయలు చీలే చోట్లు, సముద్రంలో కలిసే మొగలు మాత్రం కదలకూడదు. లంకలు కావాలంటే ఒకే రెండు చివర్ల మధ్య వేరువేరు సీడ్‌లతో రెండు గీతలు గీయండి. వాటి మధ్య లంక దానంతట అదే తేలుతుంది.

ఇప్పుడు నేల. వరద నీరు గట్టు దాటగానే వేగం తగ్గుతుంది. బరువైన ఇసుక ఏటి పక్కనే పడిపోతుంది, సన్నటి ఒండ్రు లోపలికి పోయి దిగుతుంది. అందుకే డెల్టాలో ఏటి ఒడ్డు మెరక, ఏటికి దూరంగా పోయేకొద్దీ పల్లం. ప్రతి చుక్కకూ దగ్గరి ఏరు ఎంత దూరంలో ఉందో లెక్కకట్టండి. ఒడ్డున 2 మీటర్లు, 500 మీటర్ల అవతల 1 మీటరు, కిలోమీటరు దగ్గర అర మీటరు, ఇలా ప్రతి 500 మీటర్లకూ సగమయ్యే మెరకను సముద్రం వైపు వాలు మీద కలపండి. ఈ అంకెలు మొదలుపెట్టడానికే, బొమ్మ చూసుకుంటూ సవరించండి. నాయిస్ అలల్ని దీని మీద పావు మీటరు మించకుండా చల్లండి.

సరిగా వచ్చిందో లేదో చూడటానికి నీటిమట్టాన్ని ఒక మీటరు పెంచండి. పల్లాలు మునిగి, పాయల పక్కన మెరకలు రిబ్బన్లలాగా తేలి ఉండాలి. ముందు ఒడ్డే మునిగిందంటే దూరం లెక్క ఎక్కడో తిరగబడింది.

కాలువల్ని ఏరులాగా వంకర తిప్పొద్దు. 1847 నుంచి 1852 దాకా ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్టతో మొదలైన సాగు కాలువలు మెరక పట్టుకుని పోతాయి, అప్పుడే నీరు తనంతట తాను చేలలోకి దిగుతుంది. మురుగు కాలువలు పల్లం పట్టుకుంటాయి. రెండింటికీ నడిమి చుక్కను రెండు శాతం మించకుండా పక్కకు జరిపితే చాలు.

సముద్రపు ఒడ్డుకు కూడా ముక్కకో గరుకుదనం ఇవ్వండి. అలలు కొట్టే అంతర్వేది ఇసుక ఒడ్డు దాదాపు నున్నగా ఉంటుంది. కోరింగ మడ అడవుల్లో పాయలు వేళ్లలాగా చీలిపోతాయి. కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్‌ని మాత్రం చేత్తోనే గీశాను. అలలు ఒకే వైపు ఇసుక మోసుకొచ్చి సాగదీసిన మేట అది, యాదృచ్ఛిక సంఖ్యలతో రాదు.

అసలు కొలతలు వాడాలంటే

2000 ఫిబ్రవరిలో ఎండెవర్ షటిల్ రాడార్‌తో కొలిచిన ఎస్ఆర్‌టీఎం ఎత్తులు ఉచితంగా దొరుకుతాయి. డెల్టాకు ఎన్16ఇ081, ఎన్16ఇ082 ఫైళ్లు, పాపికొండల వైపుకు ఎన్17ఇ081. చిన్న ఫైలులో 1201 వరసలు, 1201 నిలువులు ఉంటాయి, చుక్కకు రెండు బైట్లు, వాటిలో ఎక్కువ విలువది (పెద్ద బైటు) ముందు. మన కంప్యూటర్లు చిన్న బైటును ముందు చదువుతాయి. తిరగేయడం మరిచిపోతే 5 మీటర్ల నేల 1,280 మీటర్ల కొండవుతుంది. కొలత లేని చోట −32768 ఉంటుంది, దాన్ని పక్క చుక్కల సగటుతో నింపండి.

కోనసీమలో ఇంకో చిక్కు ఉంది. ఆ రాడార్ చెట్ల తలల దగ్గరే చాలావరకు వెనక్కి తిరిగొస్తుంది. కొబ్బరి తోట ఉన్నచోట నేల బదులు తోట ఎత్తు నమోదవుతుంది. పైగా ఎత్తులన్నీ పూర్తి మీటర్లలోనే, మళ్లీ మెట్లు. చుట్టూ అర కిలోమీటరులో అన్నిటికంటే తక్కువ ఎత్తు తీసుకుని, తర్వాత నున్నచేస్తే కొంత నయం. నేనైతే కొండలకు ఎస్ఆర్‌టీఎం వాడి, డెల్టాను పైన చెప్పినట్టు ఏటి నుంచే చేస్తాను.

రంగు, వెలుగు

పాత ప్రోగ్రాంలు ఎత్తును బట్టి రంగు వేస్తాయి: నీలం, ఇసుక, పచ్చ, గోధుమ, తెలుపు. మన దగ్గర మంచు గీత ఎందుకు? ఎత్తు బదులు నీటి దూరాన్ని బట్టి రంగు వేయండి. ఒడ్డు మెరక మీద కొబ్బరి, పల్లంలో వరి మడులు, మొగల దగ్గర మడ అడవి. కొబ్బరి చెట్టుకు ఒక చిన్న బొమ్మ తయారుచేసుకుని, మెరక చుక్కల మీద సైజు కాస్త మారుస్తూ వేలల్లో నాటండి. నిలువు ఎత్తును పది రెట్లు పెంచితేనే ఒడ్డు కనిపిస్తుంది. పెంచిన సంగతి బొమ్మ కింద రాయండి. దూరం పెరిగేకొద్దీ రంగును ఆకాశం రంగులో కలిపేస్తే పొగమంచు పట్టిన సంక్రాంతి తెల్లవారు వస్తుంది.

గీసేటప్పుడు దగ్గర నుంచి దూరానికి వెళ్లండి. తెర మీద ప్రతి నిలువుకూ ఇప్పటిదాకా ఎంత పైకి రంగు పడిందో గుర్తుపెట్టుకుని, దానికి పైన వచ్చేదే వేయండి. వెనక దాగిన నేల గీసే పని తప్పుతుంది. ముందు 65 వరసల చిత్తు బొమ్మ చూపించి, నచ్చాకే పెద్దది మొదలుపెట్టండి. పూర్తయిన ప్రతి వరసనూ డిస్కు మీద రాసేస్తే కరెంటు పోయినా అక్కడి నుంచే కొనసాగించవచ్చు.

పంచే ముందు

మెనూలు తెలుగులో పెట్టండి. అక్షరాలను ఒక్కొక్కటిగా అచ్చువేసే పాత పద్ధతిలో వత్తులు, గుణింతాలు విడిపోతాయి. అక్షరాలను కలిపి సరిగా అమర్చే పనిని హార్ఫ్‌బజ్ లాంటి లైబ్రరీకి అప్పగించండి. కట్టలో మూడు సీడ్‌లు, వాటి బొమ్మలు, ఒక్కోదానికి పట్టిన సమయం, ఏ కంప్యూటర్ మీద పట్టిందో రాసిన రీడ్‌మీ ఉండాలి. డబ్బు అడిగితే అడగండి గానీ, బొమ్మ మీద అడ్డంగా పేరు కొట్టడం, సేవ్ చేయనివ్వకపోవడం లాంటివి వద్దు. నాలుగు జీబీ మెమరీ ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద ఒకసారి మొదటి నుంచి చివరిదాకా నడిపి చూసి, ఆగకుండా నడిచిన కట్టనే బయటికి పంపండి.