పోరడి ఫోన్‌లో సైతాను గుర్తు కనబడితే

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఇంటర్ చదివే పోరడి ఫోన్‌లో తలకిందుల నక్షత్రం, మేకతల కనబడగానే ఇంట్లోవాళ్లకు బాణామతి గుర్తొస్తుంది. ముందు ఈ రెంటినీ విడదీయండి. బాణామతి అంటే ఎవరో మనకు కీడు చేశారన్న భయం. ఆ అనుమానంతోనే మన పల్లెల్లో మనుషుల్ని కొట్టారు, చంపారు. ఫోన్‌లోని ఆ గుర్తులు సైతానిజానివి, అది మనిషి తనంతట తాను ఎంచుకునే దారి.

1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆంటన్ లావే పెట్టిన చర్చ్ ఆఫ్ సేటన్‌కు సైతాను దేవుడు కాదు, అహానికీ స్వేచ్ఛకూ గుర్తు. 2013లో మొదలైన సేటానిక్ టెంపుల్ అనే ఇంకో సంస్థ ఏడు సూత్రాల్లో మొదటిదే ప్రాణులన్నిటి మీద కరుణ. నిజంగా సైతానును కొలిచేవాళ్లు వేరే ఉన్నారు.

అందుకే మొదట అడగాల్సింది: "సైతాను ఉన్నాడనుకుంటున్నావా, ఉత్త గుర్తేనా?" తర్వాత, "ఇందులో నీకేం నచ్చింది?" అడ్డు తగలకుండా వినండి. మెటల్ అనే హోరు రాక్ సంగీతం కావచ్చు, బలవంతపు ప్రార్థనల మీద కోపం కావచ్చు, కులం పేరుతో పడ్డ అవమానం కావచ్చు. "ఎవరికీ తల వంచకు" అనే మాట ఒంటరి పిల్లలను గట్టిగా లాగుతుంది.

ఫోన్ గుంజుకొని, తాయెత్తు కట్టించి, భూతవైద్యుడి దగ్గరికి తీసుకపోతే పని చెడుతుంది. వాడు మీతో మాట బంద్ చేస్తాడు, ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లే దిక్కవుతారు.

గుర్తుకన్నా ఒంటిమీద కోతలు, జంతువులను హింసించడం చూడండి. ఫొటోలు అడిగి, ఇంట్లో చెప్పొద్దనే పరిచయాలు ఇంకా ప్రమాదం. చావు మాటలుంటే అదే రోజు సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు, పిల్లలను ఎవరైనా బెదిరిస్తుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి.