మొక్కజొన్నలో నీటి ఎద్దడిని ఆకు వేడితో పట్టుకున్నాను (నా అనుభవం)

మధ్యాహ్నం ఆకులు గొట్టంలా చుట్టుకుంటాయి, సాయంత్రానికి విచ్చుకుంటాయి, అది ఎండకా లేక నిజంగా నీళ్లు చాలకా అన్నది తేలదు. చాలామంది ఇదే అడుగుతున్నారు. ఆకుల చుట్టుకు మార్కులు వేయడం, పైమట్టి పిసికి చూడడం, ఒకేచోట పాతిన తేమ సెన్సర్, ఏదీ తేల్చలేదు.

పనిచేసింది ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, అంటే తాకకుండా దూరం నుంచే ఆకు వేడిని చూపే పరికరం. ముందుగా చేలో అదే రకం, అదే రోజు విత్తిన ఒక చిన్న భాగానికి (పట్టీకి) నీటి లోటు రాకుండా చూశాను. పోల్చడానికి అది లేకపోతే మిగతాదంతా వృథా. మబ్బు లేని రోజు మధ్యాహ్నం 1 నుంచి 2:30 లోపు, పరికరాన్ని కాసేపు పొలంలోనే నీడన ఉంచి, సూర్యుణ్ని వీపు వైపు పెట్టుకుని, ఎండ పడే పై ఆకుల మీదికి ఏటవాలుగా గురిపెట్టాను, ఎందుకంటే కాలిన నేల కాస్త కనబడినా అంకె పెరిగిపోతుంది. పట్టీలో పది చోట్ల, వెంటనే మిగతా చేలో పది చోట్ల చూసి సగటు తీశాను. నీళ్లు అందని మొక్క ఆకు మీది సన్నని పత్రరంధ్రాలు మూసుకుంటుంది, వాటి గుండా పోయే ఆవిరి తగ్గి ఆకు వేడెక్కుతుంది.

మిగతా చేను పట్టీ కంటే 2 డిగ్రీలకు పైగా వేడిగా వరుసగా కనిపిస్తే తడి ఇచ్చాను. పూత, పీచు దశలో అంతవరకూ ఆగలేదు, అప్పటి ఎద్దడి గింజకట్టును దెబ్బతీస్తుంది.

ఈ 2 డిగ్రీలు నా చేనికి కుదిరిన అంకె, అందరికీ కుదురుతుందని చెప్పలేను. గాలిలో తేమ ఎక్కువుంటే తేడా తగ్గుతుంది, ఆకులు నేలను కప్పకముందు కొలత నమ్మలేం. వేరుకుళ్లు ఉన్నా ఆకు వేడెక్కుతుంది, కాబట్టి తడి ఇచ్చాక కూడా తేడా తగ్గకపోతే మొక్క పీకి వేళ్లు చూడండి.