పటం చట్రం మూలలను ఇంట్లోనే అతికించే పద్ధతి

పటం కట్టే చెక్క చట్రంలో నాలుగు బద్దలు, నాలుగు మూలలు తప్ప మరేమీ ఉండవు కనుక, మూలలో మిగిలిన సన్నని సందు కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బద్దల చివరలను 45 డిగ్రీల ఏటవాలుగా కోయాలి. ఒక్కో కోతలో అర డిగ్రీ తేడా వచ్చినా ఎనిమిది కోతలకు అది 4 డిగ్రీలవుతుంది. మూడు మూలలు చక్కగా కలిశాక, ఆ తేడా అంతా నాలుగో మూలలో బయటపడుతుంది. అందువల్ల మైటర్ బాక్సు (రంపాన్ని సరైన కోణంలో నడిపించే గాళ్లున్న పెట్టె), సన్నపళ్ల రంపం వాడి, ముందు పనికిరాని ముక్కలపై కోసి, వాటిని కలిపి మూలమట్టంతో సరిచూసుకోవాలి.

సందు వస్తే అందరూ కోణాన్నే అనుమానిస్తారు గానీ, ఎదురెదురు బద్దల పొడవు సమానంగా లేకపోయినా అదే జరుగుతుంది. అద్దం వెడల్పు 200 మి.మీ., బద్ద వెడల్పు 30 మి.మీ., అద్దం కూర్చునే గాడి 6 మి.మీ. అనుకుందాం. అద్దానికి 3 మి.మీ. వెసులుబాటు ఇచ్చి, గాడి పోగా మిగిలే 24 మి.మీ. బద్ద వెడల్పును రెండు వైపులా కలిపితే, ఆ వైపు బద్ద బయటి అంచు 251 మి.మీ. ఉండాలి. రెండో బద్దను మళ్లీ టేపుతో కొలవకుండా, మైటర్ బాక్సు పక్కన అడ్డుచెక్క బిగించి, మొదటిదాని పొడవుకే కోయడం మేలు.

ఏటవాలు కోతలో చెక్క నారలు అడ్డంగా తెగి ఉంటాయి కాబట్టి అవి జిగురును పీల్చేస్తాయి. మొదట ఫెవికాల్ వంటి చెక్కజిగురును పలుచగా పట్టించి, కొన్ని నిమిషాలు ఆగి, రెండో పూత వేశాకే బద్దలను కలపాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక దాన్ని ముందుగా స్పిరిట్ గుడ్డతో తుడవాలి.

తర్వాత మూలలకు చిన్న చెక్కముక్కలు ఆనించి, చట్రం చుట్టూ తాడు కట్టి, తాడు మధ్య పుల్ల దూర్చి మెలితిప్పితే నాలుగు మూలలూ ఒకేసారి బిగుస్తాయి. అప్పుడు రెండు కర్ణాలనూ కొలవాలి. ఒకటి పొడవుగా ఉంటే ఆ రెండు మూలలనూ లోపలికి నొక్కి సమానం చేయాలి. పైకి ఉబికిన జిగురును వెంటనే తడిగుడ్డతో తుడిచి, ఒక రోజు కదిలించకుండా ఉంచాలి. వానాకాలంలో ఇంకాస్త ఎక్కువ సేపు ఆరనివ్వాలి.

మేకులు కొట్టదలిస్తే ముందుగా మేకు కన్నా సన్నని రంధ్రం వేయాలి, లేకపోతే చెక్క చీలుతుంది. నా మట్టుకు మేకుల కన్నా, ఆరిన మూలకు అడ్డంగా రంపంతో గాడి కోసి, అందులో జిగురు పూసిన పలుచని చెక్కబిళ్లను దూర్చడమే నచ్చుతుంది. బిళ్ల నారలు అతుకుకు అడ్డంగా సాగుతాయి కనుక మూల గట్టిపడుతుంది. బిళ్ల మిగులును కోసి, ఉప్పుకాగితంతో రుద్దాలి. మిగిలిన సందును రంపపుపొట్టు, జిగురు కలిపి పూడ్చవచ్చు. అయితే పెయింటు వేసే చట్రానికే అది పనికివస్తుంది, పాలిష్ కింద ఆ మచ్చ దాగదు.