అమ్మానాన్నలకి కలిపి ట్రావెల్ ఇన్సూరెన్స్: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి అమ్మానాన్న బయల్దేరుతుంటే ఇన్సూరెన్స్ సంగతి అందరికీ ఆఖర్నే గుర్తొస్తుంది. ఆవకాయ, కారప్పొడి, ఆర్నెల్ల మాత్రలు సర్దడం అయ్యాక ఎవరో ఒకరు "ఇద్దరికీ కలిపి ఒకటి తీసెయ్" అంటారు. ఆ "కలిపి"కి మూడు అర్థాలున్నాయి: ఒకే పేమెంట్, ఒకే కాగితం, ఒకే డబ్బు (కవర్ మొత్తం ఇద్దరికీ ఉమ్మడిగా ఉండటం). మొదటి రెండిటితో ఇబ్బంది లేదు. మూడోది ఏమిటో తెలియక చాలామంది ఇరుక్కుంటారు.

సమస్య: పుట్టినతేదీలు కొట్టగానే ఫ్యామిలీ ప్లాన్ కనపడకుండా పోతోంది, లేదా ప్రీమియం బాగా పెరిగిపోతోంది

కారణం వయసు. మన దేశంలో చాలా ఫ్యామిలీ ఫ్లోటర్లు, అంటే ఒకే కవర్ మొత్తాన్ని కుటుంబమంతా పంచుకునే పాలసీలు, 60 ఏళ్ల దగ్గర ఆగిపోతాయి. ఒకవేళ ఇచ్చినా, ఇద్దరిలో పెద్దవాళ్ల వయసు మీదే రేటు కడతారు. నాన్నకి 63, అమ్మకి 57 అనుకోండి, నాన్న వయసు భారం అమ్మ మీద కూడా పడుతుంది. నాన్నకి సీనియర్ ప్లాన్, అమ్మకి మామూలు ప్లాన్ విడివిడిగా కొట్టి చూడండి. రెండూ కలిపినా తక్కువే అయ్యే సందర్భాలున్నాయి.

సమస్య: 50,000 డాలర్ల పాలసీ అన్నారు, చెరో యాభై వేలు అనుకున్నాం

పాలసీ షెడ్యూల్‌లో, అంటే పేర్లు, తేదీలు, మొత్తాలు ఉండే పేజీలో, "ఫ్లోటర్" అనే మాట ఉందేమో చూడండి. ఉంటే ఆ యాభై వేలు ఇద్దరికీ ఉమ్మడి. ఒకరు వాడుకోగా మిగిలిందే రెండోవారికి. ఇంటి దగ్గర హెల్త్ పాలసీలో ఫ్లోటర్ బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే భార్యాభర్తలు ఒకే వారంలో ఆసుపత్రిలో పడటం అరుదు. ప్రయాణంలో లెక్క వేరు. ఇద్దరూ ఒకే కారులో వెనక సీట్లో కూర్చుంటారు, ఒకే హోటల్లో తింటారు. దెబ్బ తగిలితే ఇద్దరికీ ఒకేసారి తగులుతుంది. అమెరికా ఆసుపత్రి బిల్లుకి ఒక్కరి మీదే యాభై వేలు చాలకపోవచ్చు. అందుకే నా మాట: కాగితం ఒకటే ఉన్నా ఫరవాలేదు, సమ్ ఇన్సూర్డ్ (కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం) మాత్రం ఒక్కొక్కరికీ విడిగా రాసి ఉండాలి. డిడక్టబుల్ (బిల్లులో ముందు మన జేబులోంచి కట్టాల్సిన భాగం) కూడా తలా ఒకటా, ఇద్దరికీ కలిపి ఒకటా అడగండి.

సమస్య: ఇద్దరూ కలిసే వెళ్లారు, తిరుగు ప్రయాణం మాత్రం వేర్వేరు రోజుల్లో

ఇది మనవాళ్లలో మామూలే. అమ్మాయి పురిటికి సాయంగా అమ్మ ఉండిపోతుంది, నాన్న పొలం పనో పెన్షన్ పనో ఉందని ముందే వచ్చేస్తారు. ఉమ్మడి పాలసీలో తేదీలు ఇద్దరికీ ఒకటే, కాబట్టి అమ్మకి చాలవు, నాన్నవి వృథా. ముందే తెలిస్తే వేర్వేరు పాలసీలు తీసుకోవడమే తేలిక. తర్వాత తెలిస్తే గడువు ముగియకముందే పొడిగింపు అడగండి. ముగిసిన మర్నాడు అడిగితే పని జరగదు.

ఇక్కడే రోజుల లెక్క ఇంకొకటి ఉంది. విజిటర్‌కి సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. మే 10న దిగితే ఐ-94లో, అంటే అక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే అమెరికా రికార్డులో, నవంబర్ 9 పడుతుంది. వేళ్ల మీద లెక్కపెట్టండి, 184 రోజులు. ఇండియాలో తీసుకునే సింగిల్ ట్రిప్ పాలసీలు చాలావరకు 180 దగ్గర ఆగుతాయి. ఆఖరి రోజుదాకా ఉండేవాళ్లకి నాలుగు రోజులు ఏ కవరూ ఉండదు.

సమస్య: పాలసీలో పేరు ఒకటి, పాస్‌పోర్టులో ఇంకొకటి

ఇంటిపేరు ముందు రాసుకునే మనకి ఇది తప్పని తలనొప్పి. అమ్మ పాస్‌పోర్టులో పుట్టింటి పేరు ఉంటుంది, ఫామ్ నింపే కొడుకు నాన్న ఇంటిపేరు కొట్టేస్తాడు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు అయితే వీసాలో పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. పాలసీలో పాస్‌పోర్టు ప్రకారమే రాయించండి, తప్పుంటే బయల్దేరే ముందే ఎండార్స్‌మెంట్ (పాలసీలో దిద్దుబాటు) చేయించండి. భార్యాభర్తల ఇంటిపేర్లు వేరైనా చిక్కు లేదు, బంధుత్వం గడిలో "స్పౌజ్" అని ఉంటే చాలు. స్నేహితులు ఇద్దరు వెళ్తుంటే మాత్రం ఫ్యామిలీ ప్లాన్ కుదరదు, విడిగానే తీసుకోవాలి.

సమస్య: బీపీ, షుగర్ ఉన్నాయి, క్లెయిమ్ ఆపేస్తారేమోనని టెన్షన్

మా నాన్న పాలసీ వచ్చాక పీడీఎఫ్ తెరిచి చూస్తే "ముందునుంచి ఉన్న జబ్బులు: లేవు" అని ఉంది. పదేళ్లుగా ఆయన పొద్దున్నే టిఫిన్ తర్వాత బీపీ మాత్ర వేసుకుంటారు. ఏజెంటుని అడిగితే "రాస్తే రేటు పెరుగుతుంది సార్" అన్నాడు. అతను ఆదా చేసిన ఆ కాస్త డబ్బు, తర్వాత క్లెయిమ్ కొట్టేయడానికి కంపెనీకి మంచి సాకు అవుతుంది. బీపీ రాయించి, తేడా కట్టి, కొత్త షెడ్యూల్ తెప్పించాం.

రాయించినంత మాత్రాన అంతా వస్తుందనుకోవద్దు. పాత జబ్బుకి చాలా పాలసీలు ప్రాణాపాయం ఉన్న అత్యవసరంలోనే, అదీ ఒక పరిమితి వరకే ఇస్తాయి. అమెరికా ప్లాన్లలో దీన్నే "అక్యూట్ ఆన్‌సెట్" అంటారు, అంటే జబ్బు ఉన్నట్టుండి ముదిరితే తప్ప కవర్ లేదు. మామూలు చెకప్‌లు, మాత్రలు సాధారణంగా ఇవ్వరు. మాత్రలు ఇక్కణ్ణుంచే ప్రిస్క్రిప్షన్‌తో సహా తీసుకెళ్లండి, చేతిసంచిలో పెట్టండి.

సమస్య: దారిలో యూరప్ చూద్దామంటే వీసా వాళ్లు పాలసీ చాలదన్నారు

షెంగెన్‌కి (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) ఒక్కొక్కరికీ కనీసం 30,000 యూరోల కవర్ కావాలి, మొత్తం షెంగెన్ ప్రాంతానికీ, ఉండే అన్ని రోజులకీ. సర్టిఫికెట్ మీద ఒక్క నాన్న పేరే ఉంటే అమ్మ ఫైల్ ఆగుతుంది. ఇద్దరికీ విడివిడి సర్టిఫికెట్లు అడిగి తీసుకోండి.

సమస్య: క్లెయిమ్ తిరస్కరించారు

ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్ (బీమా తగాదాలు తీర్చే అధికారి) దగ్గరికి ఏడాదిలోపు వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వింటారు. బీమా కంపెనీల మీద నియంత్రణ చేసే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయొచ్చు. అమెరికా కంపెనీ దగ్గర కొన్న ప్లాన్‌కి మాత్రం ఈ దారులేవీ పనికిరావు, ఎక్కడ కొనాలో ఆలోచించేటప్పుడు అది కూడా లెక్కలోకి తీసుకోండి.